వక్కాకు సంచిలో గుండె మాత్ర

ఎండ ఊరి డాక్టరుకు చలితో ఏం పని

నేను డాక్టరుగా పనిచేసిందంతా ఆళ్ళగడ్డలోను, నంద్యాలలోను. మొదట కొన్నేళ్ళు ఆళ్ళగడ్డ, తర్వాత రిటైరయ్యే దాకా నంద్యాల. వడదెబ్బ, పాముకాటు, షుగరు, గుండెపోటు: వీటి మధ్యే నా వయసంతా గడిచింది. మా వైపు చలి అంటే తెల్లవారుజామున చెవులకు తువ్వాలు చుట్టుకుని టీ కొట్టు దగ్గర నిలబడడమే. ఈ మధ్య కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఒక అమ్మాయి ఇంటికొచ్చి, "మేడం, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అంది. సరేనని కూర్చుంటే, మొదట కలంలోకి వచ్చింది మంచు. నాకే వింతగా ఉంది.

అయితే కారణం లేకపోలేదు. నా సర్వీసు మొదట్లో గుండె జబ్బు అని తేలిన మనిషి ఇంటి అరుగు దిగేవాడు కాదు. ఇప్పుడు అలా లేదు. స్టెంటు వేయించుకుంటారు, నాలుగు నెలలు పథ్యం ఉంటారు, ఆ తర్వాత కాశ్మీరంటారు, బదరీ అంటారు, మనాలి అంటారు. వెళ్ళే ముందు మన దగ్గరకు వచ్చి, "పోవచ్చా?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడమే నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే భయం కలిగించిన పని. గుండెపోటు వచ్చిన మనిషి ఎదురుగా ఉంటే చెయ్యాల్సింది చేతులకు తెలుస్తుంది. రాబోయేదాన్ని, అదీ వేల మైళ్ళ అవతల, మనం ఎన్నడూ చూడని చలిలో రాబోయేదాన్ని ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని ఊహించాలి. అలాంటి మనిషిని పంపాక తిరిగొచ్చేదాకా నాకు అన్నం సయించేది కాదు.

పెద్దాయన నేర్పిన మాట

నంద్యాలలో నేను చేరినప్పుడు నా పైన ఒక సీనియర్ ఫిజీషియన్ ఉండేవారు. అందరూ పెద్దాయన అనేవాళ్ళం. కోపం ముక్కు మీదే ఉండేది. వార్డులో నర్సుల ముందే మమ్మల్ని కడిగేసేవారు. అది తప్పేనని ఇప్పటికీ అంటాను. కాని ఆయన దగ్గర నేర్చుకున్నది ఇంకెక్కడా నేర్చుకోలేదు.

ఒకరోజు పాణ్యం నుంచి ఒక రైతు వచ్చాడు. ముఖమంతా చెమట. "గుండెలో నొప్పి ఉందా?" అని అడిగాను. "నొప్పి ల్యామ్మా, గ్యాసు" అన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ లేదన్నాడు. నా వెనక నిలబడి వింటున్న పెద్దాయన నన్ను పక్కకు జరిపి, "ఏమప్పా, యాడన్నా పట్టుకుంటాందా?" అన్నారు. రైతు వెంటనే పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టుకుని, "ఈడ పట్టుకున్యాది సారూ, గట్టిగా" అన్నాడు. ఈసీజీ తీస్తే గుండెపోటు.

"ఈ వైపు మనుషులకు నొప్పి అంటే తేలు కుట్టినట్టు ఉండాల," అని పెద్దాయన ఆ రోజు నాకు చెప్పారు. "గుండె బిగబట్టేది వాళ్ళ లెక్కలో నొప్పి కాదు. నువ్వు పుస్తకంలో మాట అడిగితే వాళ్ళు నిజమే చెప్తారు, నువ్వు మాత్రం మోసపోతావు." నేను నంద్యాలలో పుట్టి పెరిగినదాన్ని, మా నాయన మిషన్ బడిలో టీచరు. ఇంట్లో అదే మాట విని పెరిగి కూడా, తెల్లకోటు వేసుకోగానే మరిచిపోయాను.

ఈ మాట చలి ఊళ్ళలో మరీ ముఖ్యం. అక్కడ అందరికీ అన్నీ పట్టుకునే ఉంటాయి. వేళ్ళు పట్టుకుంటాయి, మెడ పట్టుకుంటుంది, దవడ పట్టుకుంటుంది. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన మన మనిషికి ఏది చలి, ఏది గుండె అనేది అక్కడ తెలియదు. రొమ్ము బిగిస్తే ఇంకో రగ్గు కప్పుకుంటాడు.

పెట్టె బస్సు మీద, మనిషి మంచు మీద

గడివేములలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు ఉండేవారు. ఆయనా మా సంఘం మనిషే, ఆదివారం చర్చిలో కనిపించేవారు. తోటి టీచర్లతో కలిసి బస్సులో కాశ్మీరు పోయారు. నేను రాసిచ్చిన మాత్రలన్నీ ఎంతో పద్ధతిగా డబ్బాలో పెట్టి, డబ్బాను పెట్టెలో పెట్టి, పెట్టెకు తాళం వేసి, బస్సు టాపు మీద కట్టించారు. మంచు కొండ మీద గుండె బిగబట్టినప్పుడు పెట్టె కింద బస్సు మీద ఉంది. ఎవరో మిలిటరీ ఆయన జేబులో ఉన్న మాత్ర నాలుక కింద పెడితే బతికి బయటపడ్డారు.

తిరిగొచ్చాక, "మాస్టారూ, జేబులో పెట్టుకోమని చెప్పినా కదా" అంటే, "జేబులో పెడితే నలుగుతాయి కదమ్మా" అన్నారు. జాగ్రత్త ఎక్కువై ప్రాణం మీదికి తెచ్చుకోవడం అంటే అదే. అప్పటినుంచి నేను "దగ్గర పెట్టుకోండి" అని చెప్పడం మానేశాను. ఆ మనిషి ఎప్పటికీ ఒంటి మీద నుంచి తియ్యని వస్తువు ఏదో అడిగి, మాత్రను అందులో నా చేత్తో పెట్టడం మొదలుపెట్టాను. ఒకరికి కళ్ళజోడు పెట్టె, ఒకరికి మొలతాడుకు కట్టిన తాళంచెవుల గుత్తి.

వద్దు అనడం సులువు

చిన్న డాక్టర్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. "వద్దు" అంటే మన మీదికి ఏమీ రాదు. అందుకే చాలామంది వద్దంటారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని నా తోటి డాక్టర్లు నన్ను ఎగతాళి చేసేవాళ్ళు. కాని మనం వద్దన్నంత మాత్రాన వాళ్ళు ఆగరు. మనకు చెప్పకుండా పోతారు. మాత్రలు మార్చకుండా, దారిలో ఆగకుండా పోతారు. అది ఇంకా ప్రమాదం.

అలాగని అందరికీ తల ఊపమని కాదు. కూర్చున్నా బిగబట్టే గుండెకు, కొత్తగా పోటు వచ్చి తేరుకుంటున్న గుండెకు, పడుకుంటే ఆయాసం వచ్చే మనిషికి వద్దనే చెప్పాలి. కాళ్ళు పట్టుకున్నా వద్దనే చెప్పాలి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, గుండె రెట్టింపు చాకిరీ చేస్తుంది. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచనవుతుంది. బాగున్న గుండె దాన్ని మోస్తుంది. సగం బాగున్నవాళ్ళతోనే చిక్కు. వాళ్ళను ఎదురుగా మెట్లు ఎక్కించి చూడాలి, ట్రెడ్‌మిల్ చేయించాలి, ఆ తర్వాత కూడా భయపడుతూనే సరే అనాలి.

అలా భయపడుతూ నేను సరే అన్నవాళ్ళలో ఆఖరివాడు ఆళ్ళగడ్డ ఆచారి.

కన్ను తెరిచే చెయ్యి

ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన ఉలి చప్పుడు వినపడని రోజు ఉండదు. అక్కడ చెక్కిన దేవుళ్ళు దేశమంతా పోతారు. వీరబ్రహ్మాచారి అక్కడి పాత శిల్పి. నేను ఆళ్ళగడ్డలో ఉన్నప్పటి నుంచి నా పేషంటు. డెబ్బై దాటాడు. కర్నూలులో స్టెంటు వేయించి రెండేళ్ళు దాటింది. నేను రిటైరయ్యే ముందు చలికాలంలో భార్య ఈశ్వరమ్మను వెంటబెట్టుకుని నంద్యాల వచ్చాడు.

"అమ్మా, సలి దేశానికి పోవల్ల," అన్నాడు కూర్చోకముందే.

"యాడికి?"

"హిమాచలం. ఊరి పేరు నాకు నోరు తిరగదు. ఆడి ఊరోళ్ళకు ఆంజనేయస్వామిని చెక్కిచ్చినా. మాఘంలో ప్రతిష్ఠ. పోయి కన్ను తెరవల్ల."

ఆ పద్ధతి నాకు తెలుసు. విగ్రహం అంతా ఇక్కడే చెక్కుతారు, కళ్ళు మాత్రం మిగిల్చి పంపుతారు. ప్రతిష్ఠ రోజు గుడిలో శిల్పి బంగారు సూదితో కనుపాప గీస్తాడు. అంతవరకు అది రాయి. ఆ తర్వాతే దేవుడు.

"మీ తమ్ముణ్ణి పంపితే కాదా?" అన్నాను.

"చెక్కింది నేను. వాడు తెరిస్తే అది వాని సూపు అయితాది."

ఈశ్వరమ్మ మధ్యలో అందుకుంది. "నేను సెప్పీ సెప్పీ నోరు ఎండబెట్టుకున్యా డాక్టరమ్మా. నువ్వు వద్దంటే ఇంటాడేమో సూడు."

"వద్దంటే వింటావా ఆచారన్నా?"

"ఇనను. అడిగి పోతే మాత్రలన్నా సరిగ్గా ఇస్తావని వచ్చినా."

నాకు నవ్వొచ్చింది. మెట్లు ఎక్కించాను. నాతోపాటు ఎక్కాడు, నాకే ఆయాసం వచ్చింది. కర్నూలు పంపి పరీక్షలు చేయించాను. అన్నీ పోవచ్చు అన్నట్టే ఉన్నాయి. ఊరు మరీ ఎత్తు కాదు కాని మంచు కురిసే కాలం. చివరికి సరే అన్నాను, అన్న క్షణం నుంచే నాకు మనశ్శాంతి పోయింది.

నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ చెప్పాను. కొండ కింది ఊళ్ళో ఆగి ఒళ్ళు అలవాటయ్యాకే పైకి పోవాలి. చెవులు, నోరు కప్పుకోకుండా బయట అడుగు పెట్టకూడదు. విగ్రహం లారీ దింపేటప్పుడు దాని దగ్గరకే పోకూడదు, చెయ్యి ఊరుకోదు కాబట్టి. వెచ్చదనానికని ఎవరైనా సారా ఇస్తే ముట్టకూడదు, అది ఒంట్లో వేడిని బయటికి తోలుతుంది. అన్నిటికీ తల ఊపాడు. ఇక నాలుక కింద మాత్ర మిగిలింది. తోడు పోయేది ఈశ్వరమ్మ కాబట్టి ఆమెనే అడిగాను.

"ఈశ్వరమ్మా, ఒంటి మీద నుంచి ఎప్పుడూ తియ్యని వస్తువు ఏముంది నీ దగ్గర?"

ఆమె నడుం దగ్గర చీర మడత నుంచి వక్కాకు సంచి తీసింది. ఆకు, వక్క, సున్నం కాయ, అన్నీ అరలు అరలుగా ఉన్న పాత గుడ్డ సంచి. "సచ్చినా ఇది ఇడ్సను," అంది. ఒక అర ఖాళీ చేయించి, చిన్న సీసాలో మాత్రలు పోసి అందులో పెట్టాను. "పట్టుకుంటాంది అంటే చాలు, కూర్చోబెట్టి నాలిక కింద పెట్టు. నిలబడనియ్యొద్దు, కండ్లు తిరుగుతాయి," అని మూడుసార్లు చెప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఒక కన్ను

వాళ్ళు డోన్‌లో రైలెక్కినప్పటి నుంచి నాకు ఫోనే లోకం. నంద్యాలలో మధ్యాహ్నానికి ఫ్యాను వేసుకునే రోజులు. నేను మాత్రం ఆ ఊళ్ళో చలి ఎంతో ఫోన్‌లో చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఈశ్వరమ్మ రోజూ మాట్లాడేది. "బాగుండాడు. ఇడ్లీ ల్యాక అలిగినాడు, అంతే," అనేది.

ప్రతిష్ఠ రోజు పొద్దున నేను ఓపీలో ఉండగా వీడియో కాల్ వచ్చింది. ఈశ్వరమ్మకు ఆమె మనవరాలు నేర్పిన విద్య. "డాక్టరమ్మా, సూడు, కన్ను తెరుస్తాండాడు," అంది ఈశ్వరమ్మ గుసగుసగా. చెక్క కప్పు ఉన్న చిన్న గుడి. నల్లరాతి ఆంజనేయుడు. ఎదురుగా ఆచారి, చేతిలో సూది. ఒంటి మీద తడి పంచె, భుజాన పలుచటి ఉత్తరీయం. స్వెట్టరు లేదు, టోపీ లేదు.

"ఆ తడిబట్ట ఏందీ ఈశ్వరమ్మా?"

"తానం చేసినాడు గదమ్మా, ఏటి నీళ్ళతో. కాసిన నీళ్ళు మడికి పనికిరావంట."

"మాత్రలు ఏసుకున్యాడా?"

"ఒక్కపొద్దు గదా. కన్ను తెరిసే దాకా నీళ్ళు గూడా తాగడు."

చలికి తోడు చన్నీళ్ళు, చన్నీళ్ళకు తోడు ఖాళీ కడుపు, ఆ పైన మాత్రలు మానడం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. స్వెట్టర్ల గురించి, సారా గురించి చెప్పిన నాకు మడి స్నానం, ఒక్కపొద్దు అడగాలని తట్టలేదు. మా ఇంట్లో లేని పద్ధతులవి.

స్క్రీను మీద ఆచారి కుడి కన్ను గీయడం పూర్తి చేశాడు. అందరూ జై కొట్టారు. ఎడమ కంటికి సూది ఎత్తి, ఆగిపోయాడు. ఎడమ చేత్తో దవడ రుద్దుకున్నాడు.

"ఫోను ఆయనకియ్యి," అన్నాను. "ఆచారన్నా, యాడన్నా పట్టుకుంటాందా?"

"గదవ పట్టుకున్యాదమ్మా. రొమ్ము గూడా కొంచెం. సలికి."

"అది సలి కాదు. సూది కింద పెట్టి కూర్చో. ఈశ్వరమ్మా, మాత్ర పెట్టు."

ఆమె నడుం తడుముకుంది. నేను మళ్ళీ అడిగాను. "సంచి రూములో ఉండాదమ్మా," అంది. "ఎంగిలి సంచి. గుళ్ళోకి యట్ల తెస్తా?"

చచ్చినా విడవనన్న సంచిని ఆమె దేవుడి కోసం విడిచింది. ఆ ఊరి మనిషొకాయన రూముకు పరుగెత్తాడు. ఇనుప పొయ్యి పక్కన ఆచారిని కూర్చోబెట్టి రగ్గులు కప్పించాను. అంత చలిలోనూ అతని నుదుటి మీద చెమట కనిపిస్తోంది. విగ్రహం ఒక కన్నుతో చూస్తోంది. నా గదిలో పేషంట్లు, నర్సు, అందరూ నా వెనక చేరారు.

సంచి వచ్చింది. ఈశ్వరమ్మ గడప దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది. "తే, బేగా," అని నేను అరిచాను. లోపలికి వచ్చి మాత్ర నాలుక కింద పెట్టింది. కాసేపటికి ఆచారి ముఖం సడలింది. "ఇడ్సినాదమ్మా, పట్టు," అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునే లోపల రగ్గులు తోసేసి లేచాడు.

"కూర్చో ఆచారన్నా, నిలబడొద్దు."

"ఇంకో కన్నుండాదమ్మా. ఒంటికన్నుతో ఇడిస్తే ఊరికి అరిష్టం." రెండడుగులు వేశాడు. ఆ మాత్రకు బీపీ పడిపోతుంది, పైగా కడుపులో నీటిచుక్క లేదు. కళ్ళు మూతలు పడ్డాయి, మొదలు నరికిన చెట్టులా కూలాడు. ఫోను ఎవరి చేతిలోంచో జారింది. చెక్క కప్పు కనిపించింది, ఈశ్వరమ్మ కేక వినిపించింది. "కాళ్ళు పైకెత్తి పట్టండి, ఆస్పత్రికి బండి తెప్పించండి" అని నేను అరుస్తుండగానే లైను తెగిపోయింది.

ఫోను మోగేదాకా

తిరిగి చేస్తే కలవలేదు. మళ్ళీ చేస్తే అందుబాటులో లేరంది. కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాను. పేషంట్లను పంపలేను, చూడనూ లేను. పాణ్యం నుంచి వచ్చిన ఒకామెను ఏం బాధ అని అడిగి, చెప్పింది వినకుండా మళ్ళీ అడిగాను. "డాక్టరమ్మా, నాది రేపైనా సూడు, నువ్వు ఫోను సూస్కో," అంది ఆమె. ఆమెకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

నేను సరే అనకపోయినా ఆయన వెళ్ళేవాడే. అది నాకు తెలుసు. అయినా ఆ పూట ఆ మాట నాకు ఏ ధైర్యమూ ఇవ్వలేదు. నేను నమ్మిన ప్రభువును ప్రార్థించాను, ఆ ఆంజనేయుణ్ణీ బతిమాలుకున్నాను. పెద్దాయన ఉంటే నన్ను అక్కడే కడిగేసేవారు. మడి స్నానం అడిగావా, ఒక్కపొద్దు అడిగావా అని. ఇప్పుడు ఆ మాట మీకు నేను అంటున్నాను. గుండె గురించి అడిగేది అయ్యాక, వాళ్ళు అక్కడ ఏ దేవుడి ముందు నిలబడతారో, ఎలా నిలబడతారో అడగండి.

ఓపీ అయిపోయి గది ఖాళీ అయ్యాక ఫోను మోగింది. ఈశ్వరమ్మే. గాలి హోరు, మనుషుల గోల, ఆమె ఎగశ్వాస.

"కండ్లు తెరిసినాడమ్మా."

"ఎవరు ఈశ్వరమ్మా? ఆచారా, స్వామా?"

"ఇద్దురూనమ్మా," అంది. "మొదులు ఈయప్ప. సక్కెర నీళ్ళు తాగిచ్చినాం, ఒళ్ళు కాచినాం. ఆనక కుర్చీలో కూసోబెట్టి నలుగురు పట్టుకుంటే స్వామి కన్ను గీసినాడు. ఎంత సెప్పినా ఇనల్యా. బండి వచ్చినాది, ఇప్పుడు ఆస్పత్రికి దిగుతాం."

ముందు ఆస్పత్రికి పోవాల్సింది. ఏ డాక్టరూ ఒప్పుకోని పని. తిట్టాలని నోరు తెరిచి మానుకున్నాను. కళ్ళు తుడుచుకుని, అడగాల్సింది మాత్రం అడిగాను.

"సంచి యాడ పెట్టినావు?"

"ఒళ్ళోనే ఉండాదమ్మా, గర్భగుడి కాణ్ణించి తియ్యల్యా," అంది ఈశ్వరమ్మ. "స్వామి సూస్తానే ఉండె. ఏమీ అనల్యా."